‘మాకు సంబంధం లేదు’ అంటే చట్టం ఒప్పుకుంటుందా?

దినపత్రిక లోపలి పేజీల్లో ‘వధువు కావలెను’, ‘స్థలం అమ్మబడును’ ప్రకటనల మధ్య అప్పుడప్పుడూ ఒక చిన్న గడి కనిపిస్తుంది. ‘ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా’ అని మొదలవుతుంది. కొడుకు పేరు, వయసు, ఇంటి నంబరు వేస్తారు. చెడు సావాసాలు పట్టి మా మాట వినడం లేదు కనుక నేటి నుంచి అతనికీ మాకూ, మా స్థిరచరాస్తులకూ ఎలాంటి సంబంధం లేదు, అతనితో లావాదేవీలు జరిపితే మా పూచీ లేదు అని రాస్తారు. కింద తండ్రి పేరు, ఒక్కోసారి దాని కింద వకీలు పేరు. కొడుకు బదులు కూతురైతే కారణం చాలావరకు ఒక్కటే ఉంటుంది: తనకు నచ్చినవాణ్ని పెళ్లి చేసుకుంది.

ఈ ప్రకటన ఇచ్చే తల్లిదండ్రులను తేలిగ్గా చూడకూడదు. తాగొచ్చి చెయ్యి చేసుకునే కొడుకు, బెట్టింగ్ యాప్‌లలో లక్షలు పోగొట్టి అప్పులవాళ్లను గుమ్మం దాకా తెచ్చే కొడుకు, పింఛను పడిన రోజే లాక్కుపోయే కొడుకు ఉన్న ఇళ్లలో దిక్కుతోచక చేసే పని ఇది. అందుకే వాళ్లకు నిజం చెప్పడం అవసరం. ఆ ప్రకటనతో చట్టం దృష్టిలో బంధం తెగదు. కన్నబిడ్డను కన్నబిడ్డ కాదని తేల్చే ప్రక్రియ మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు. బిడ్డ వైపు నుంచీ అంతే, తండ్రిని తండ్రి కాదని రాయించుకునే కాగితం ఏ కార్యాలయంలోనూ దొరకదు. కుటుంబ సంబంధాన్ని చట్టం ఒకే ముడిగా చూడదు. ఆస్తి వేరు, అప్పు వేరు, ఒకే ఇంట్లో ఉండే హక్కు వేరు, తిండి పెట్టాల్సిన బాధ్యత వేరు. వీటిలో కొన్నింటిని మనం వదులుకోవచ్చు, కొన్నింటి నుంచి ఎదుటివాణ్ని తప్పించవచ్చు, కొన్ని మాత్రం చచ్చేదాకా వదలవు. ఈ ఏర్పాటు చాలావరకు సబబే. ఒక్కచోట మాత్రం అన్యాయంగా ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను.

పాతకాలంలో వెలివేతకు శాస్త్రమే ఒక పద్ధతి పెట్టింది. మనుస్మృతి పదకొండో అధ్యాయంలో అది ఉంది. పతితుడైనవాడికి బంధువులు ఊరి బయట, బతికుండగానే చచ్చినవాడికి వదిలినట్టు నీళ్లు వదులుతారు. దాసి చేత నీళ్ల కుండను కాలితో తన్నిస్తారు. అక్కడి నుంచి వాడితో మాటామంతీ, సహపంక్తి ఉండవు, ఆస్తిలో వాటా కూడా ఆగిపోతుంది. విశేషం ఏమిటంటే, ప్రాయశ్చిత్తం చేసుకుని తిరిగి వస్తే వాడితో కలిసి స్నానం చేసి, కొత్త కుండను నీళ్లలో వదిలి మళ్లీ కలుపుకోవడం కూడా అదే అధ్యాయం చెబుతుంది. వెళ్లగొట్టడానికి దారి పెట్టినవాళ్లు తిరిగి రావడానికీ దారి పెట్టారు. 1850లో కంపెనీ ప్రభుత్వం తెచ్చిన చట్టం, కులం నుంచి వెలివేసినా, మతం మారినా ఆస్తి హక్కు పోదని తేల్చేసింది. అప్పటి నుంచి వెలివేతకు చట్టబలం లేదు. ఆచారంగా మాత్రం మిగిలింది. ప్రేమ పెళ్లి చేసుకున్న కూతురి ఫోటోతో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టించిన తండ్రుల వార్తలు మనం ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం.

ఆస్తి సంగతి చూద్దాం. గుంటూరులో ఒక రిటైర్డ్ టీచర్ ఉన్నారనుకుందాం. సొంత జీతంతో 200 గజాల్లో ఇల్లు కట్టుకున్నారు. భార్య, ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు. కొడుకుతో విసిగిపోయి పేపర్లో ప్రకటన వేయించారు కానీ వీలునామా రాయలేదు. ఆయన కన్నుమూశాక భార్య తహసీల్దారు కార్యాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టుకుంటే అందులో కొడుకు పేరు రాయాల్సిందే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేనప్పుడు మొదటి తరగతి వారసులందరికీ సమాన వాటా. టీచరు గారి తల్లి అప్పటికే పోయి ఉంటే భార్యకూ ముగ్గురు పిల్లలకూ తలా 50 గజాలు. పేపర్ కటింగ్ చూపించినా ఎవరూ పట్టించుకోరు. వారసుడు అనర్హుడు కావడానికి ఆ చట్టం చెప్పిన కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. హత్య చేసినవాడు హతుడి ఆస్తికి వారసుడు కాడన్నది వాటిలో ఒకటి. మాట వినకపోవడం, తాగడం, కులాంతర వివాహం ఆ జాబితాలో లేవు. చట్టం చెప్పని కారణంతో ఎవరినీ తప్పించకూడదని 28వ సెక్షన్ స్పష్టంగా అంటుంది.

అదే టీచరు గారు ఒక తెల్లకాగితం మీద ఇల్లు భార్యకూ కూతుళ్లకూ చెందాలని రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్ల చేతా సంతకాలు పెట్టించి ఉంటే కొడుక్కి గజం కూడా దక్కేది కాదు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే రేపు గొడవలు తగ్గుతాయి, అంతే. ప్రకటనకు పెట్టిన ఖర్చుకన్నా తక్కువలో పని అయ్యేది. ప్రకటన రాసిచ్చిన వకీలు వీలునామా సంగతి చెప్పకపోతే ఆయన తన పని సగమే చేసినట్టు.

పిత్రార్జితానికి ఈ స్వేచ్ఛ లేదు. ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఉంటుంది. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా కూతురికీ అంతే. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తండ్రి తన వాటా వరకు ఎవరికైనా రాసుకోవచ్చు, పిల్లల వాటా జోలికి పోలేడు. ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తుంటారు. తాత పేరు మీద ఉండి వచ్చిందల్లా పిత్రార్జితమే అనుకుంటారు. తాత స్వార్జితాన్ని 1956 తర్వాత తండ్రి వారసుడిగా పొందితే అది తండ్రి సొంత ఆస్తే అవుతుందని 1986లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ‘మా నాన్న నన్ను తప్పించలేడు’ అని ధీమాగా ఉన్న కొడుకులూ, ‘వాడి వాటా వాడికి ఇవ్వక తప్పదు’ అని కుమిలిపోతున్న తండ్రులూ ముందు ఆ భూమి దస్తావేజులు బయటికి తీసి చూసుకోవాలి.

అప్పుల భయంతోనైతే ప్రకటన ఇవ్వాల్సిన అవసరమే లేదు. మేజరైన కొడుకు చేసిన అప్పుకు తండ్రి హామీ సంతకం పెట్టి ఉంటే తప్ప బాధ్యుడు కాడు. ప్రకటన ఇచ్చినా ఇవ్వకపోయినా అంతే. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న పాత హిందూ న్యాయసూత్రాన్ని కూడా 2005 సవరణ ఎత్తేసింది. వారసత్వంగా వచ్చిన ఆస్తి మేరకే వారసుడి బాధ్యత. అప్పిచ్చిన యాప్‌ల ఏజెంట్లు ఫోన్ చేసి బెదిరిస్తుంటే వెళ్లాల్సింది పోలీస్ స్టేషన్‌కు, పేపరు ఆఫీసుకు కాదు.

ఇల్లు ఖాళీ చేయించడం ఇంతకన్నా చిక్కైన విషయం. తల్లిదండ్రుల స్వార్జితమైన ఇంట్లో పెద్దయిన కొడుకు వాళ్ల దయ మీద ఉంటాడే కానీ హక్కుతో కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ దాని కింద ట్రిబ్యునల్‌ను ఆర్డీవో నడుపుతారు, అప్పీలు కలెక్టర్ దగ్గర. వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం మీద దరఖాస్తు చాలు. వృద్ధుల రక్షణకు అవసరమైతే పిల్లలను ఇంట్లోంచి పంపించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని 2020 డిసెంబర్‌లో ఎస్. వనిత కేసులో సుప్రీంకోర్టు అంగీకరించింది. కానీ ఆ కేసులోనే మరో మాట కూడా చెప్పింది. ఆ అధికారాన్ని అడ్డుపెట్టుకుని కోడలిని రోడ్డున పడేయడానికి వీల్లేదు. కొడుకు, తల్లిదండ్రులు కలిసిపోయి, ‘వాణ్ని మేం వదిలేశాం, ఇక ఈ ఇంట్లో కోడలికేం పని’ అనే ఎత్తుగడ కోర్టులకు కొత్త కాదు. అత్తమామల సొంత ఇల్లయినా కాపురం చేసిన ఇల్లయితే గృహహింస చట్టం కింద కోడలు నివాస హక్కు అడగవచ్చని అదే ఏడాది అక్టోబర్‌లో మరో తీర్పు వచ్చింది. ఇలాంటి చోట ఆ పత్రికా ప్రకటన ముసలివాళ్ల రక్షణ కోసం ఇచ్చింది కాదు, ఒక ఆడపిల్లకు నీడ లేకుండా చేయడానికి వాడుకున్న కాగితం.

కొడుక్కి ముందే ఇల్లు రాసిచ్చేసి, తర్వాత గెంటివేతకు గురైనవాళ్ల బాధ ఇంకో రకం. ఆర్డీవో కార్యాలయం వరండాలో ప్లాస్టిక్ సంచిలో దానపట్టా నకలు పెట్టుకుని కూర్చునే వృద్ధుల్లో ఇలాంటివాళ్లే ఎక్కువ. 2007 చట్టం 23వ సెక్షన్ వాళ్ల కోసమే ఉంది. బాగోగులు చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇస్తే, చూసుకోనప్పుడు ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. షరతు ఉన్నట్టు చూపించాల్సిందేనని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అంటే, 2025 జనవరిలో మరో ధర్మాసనం చట్టాన్ని వృద్ధుల వైపు నుంచి ఉదారంగా చదవాలంది. కోర్టుల చర్చ ఎటు తేలినా, రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు రాయించేటప్పుడే ‘జీవితాంతం పోషణ, వైద్యం చూసుకునే షరతు మీద’ అన్న ఒక్క వాక్యం పెట్టించుకుంటే ఆ వరండాలో కూర్చునే అవసరం చాలామందికి తప్పుతుంది. దస్తావేజు లేఖరులు ఈ వాక్యాన్ని అడగకుండానే రాయాలి.

ఇక కూతుళ్ల మీద ఇచ్చే ప్రకటనలు. 2006లో లతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. కులాంతర, మతాంతర వివాహం నచ్చకపోతే తల్లిదండ్రులు గరిష్ఠంగా చేయగలిగింది రాకపోకలు మానుకోవడమే, బెదిరించడం, వేధించడం, హింసించడం నేరం. అంటే మాట్లాడకుండా ఉండే స్వేచ్ఛను కోర్టు గుర్తించింది, అంతకు మించి ఏమీ ఇవ్వలేదు. ఆ గీత దాటితే ఏమవుతుందో 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడ ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్లెదుట భర్తను నరికిన రోజు తెలుగువాళ్లంతా చూశారు. కూతురి పేరు, ఆమె పెళ్లాడినవాడి పేరు, ఊరి పేరు వేసి వెలివేత ప్రకటన ప్రచురించడం బెదిరింపునకు ఎంత దగ్గరగా ఉంటుందో పత్రికలు ఆలోచించాలి. అలాంటి ప్రకటనలు తీసుకోకపోతే ఏ పత్రికకూ నష్టం రాదు.

ఒక ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, పెళ్లితో ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోవడాన్ని చట్టమే రాసిన సందర్భం ఒకటుంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఆ చట్టం కింద పెళ్లి చేసుకుంటే ఆ కుటుంబం నుంచి వేరుపడినట్టే లెక్క. 1976లో వచ్చిన సవరణతో, వధూవరులిద్దరూ హిందువులైతే ఇది వర్తించదు. వేరుపడడమంటే వాటా పోవడం కాదు, వాటా తేలిపోవడం. అయినా మతాంతర వివాహం చేసుకున్నవాళ్లకు మాత్రమే ఇలాంటి నిబంధన మిగిల్చి ఉంచడం 70 ఏళ్ల తర్వాత కూడా సమంజసమని నేను అనుకోను.

రక్తసంబంధాన్ని చట్టం నిజంగా తెంచే చోట్లు చాలా తక్కువ. వాటిలో ముఖ్యమైనది దత్తత. దత్తత వెళ్లిన రోజు నుంచి బిడ్డకు పుట్టింటితో బంధాలన్నీ తెగి కొత్త ఇంట్లో ముడిపడతాయి. అప్పటికే సంక్రమించిన ఆస్తి, వివాహ నిషేధ వరసలు మాత్రం మిగులుతాయి. చెల్లుబాటయ్యే దత్తతను ఎవరూ రద్దు చేసుకోలేరు. పసిబిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ కమిటీకి అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి రెండు నెలలు గడువిచ్చి ఆ తర్వాతే బిడ్డను దత్తతకు యోగ్యంగా ప్రకటిస్తారు. అంతేకానీ 12 ఏళ్లలోపు బిడ్డను ఎక్కడో వదిలేస్తే భారతీయ న్యాయ సంహిత కింద ఏడేళ్ల దాకా జైలు. సన్యాసం తీసుకున్నవాణ్ని లౌకికంగా మరణించినవాడితో సమానంగా చూడటం హిందూ న్యాయంలో పాత సూత్రం. విడాకులు భార్యాభర్తల మధ్య బంధాన్ని తెంచుతాయి, తండ్రీబిడ్డల మధ్య కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల విషయంలో అసలు తెంచడానికే పెద్దగా ఏమీ లేదు. ఉమ్మడి ఆస్తి పంచుకున్నాక ఒకరినొకరు పోషించాల్సిన చట్టబాధ్యత వాళ్లకు లేదు. పిల్లల్లేని వృద్ధుడి ఆస్తి అనుభవిస్తున్న లేదా రేపు ఆ ఆస్తికి వారసుడయ్యే మేనల్లుడి మీద మాత్రం 2007 చట్టం పోషణ భారం పెట్టింది.

ఇంతవరకు చెప్పిందంతా పెద్దలు పిల్లలను వదులుకోవడం గురించే. నన్ను ఎక్కువ కలవరపెట్టేది రెండో దిక్కు.

చిన్నప్పుడు తల్లినీ తననూ కొట్టి, ఇంట్లోంచి పోయి, ఇంకో కాపురం పెట్టి, 30 ఏళ్ల తర్వాత జబ్బుపడి తిరిగొచ్చిన తండ్రిని ఊహించండి. లేదా కూతురిపై లైంగిక దాడి చేసిన తండ్రిని. ఆ బిడ్డ ‘ఇతనితో నాకు సంబంధం లేదు’ అనగలదా? దగ్గరికి రాకుండా చూసుకోవచ్చు. గృహహింస చట్టం 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు ఇస్తే అతను ఆమెతో ఏ రూపంలోనూ మాట్లాడటానికి, పనిచేసే చోటుకు రావడానికి వీల్లేదు. నాకు తెలిసినంతలో ‘తెగతెంపులు’ అన్న మాటకు మన చట్టంలో అన్నిటికన్నా దగ్గరి రూపం ఇదే. కొడుకు చేతిలో దెబ్బలు తినే తల్లికీ ఇదే ఉత్తర్వు దొరుకుతుంది. ఈ చట్టం మహిళలకే కాబట్టి కొడుకులు మాత్రం సివిల్ కోర్టుకు వెళ్లి ఇంజంక్షన్ అడగాల్సిందే.

అయితే ఆ తండ్రికి డబ్బు పంపే బాధ్యత మాత్రం పోదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం వృద్ధులైన, అశక్తులైన తల్లిదండ్రుల పోషణ కొడుకుతో పాటు కూతురి మీదా పెట్టింది. పెళ్లయిన కూతురికీ ఆ బాధ్యత ఉంటుందని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144గా ఉంది. 2007 చట్టం నెలకు రూ.10,000 దాకా ఇప్పించగలదు. విదేశాల్లో ఉన్నా సమన్లు పంపే ఏర్పాటు ఉంది కనుక డాలస్‌లో ఉన్నా, మెల్‌బోర్న్‌లో ఉన్నా మినహాయింపు లేదు. ఈ బాధ్యత అవసరమే. పిల్లల కోసం ఇల్లూ పొలమూ అమ్ముకుని, చివరికి ఆ పిల్లల గడప ఎక్కలేకపోయిన వృద్ధులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఆ రూ.10,000 పరిమితిని ఎత్తేయాలని 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో పెట్టిన బిల్లు చట్టం కాకుండానే పోవడం వాళ్లకు జరిగిన అన్యాయం. కానీ బిడ్డను నాశనం చేసిన తండ్రికి కూడా అదే సెక్షన్ అదే అర్హత ఇస్తోంది. మంచి తండ్రి, చెడ్డ తండ్రి అన్న తేడా చట్టం పాఠంలో ఎక్కడా లేదు. ఆర్డీవో దయతలిస్తే మొత్తం తగ్గిస్తారు, లేదంటే లేదు. నోటీసు అందుకున్న ఆ కూతురు తనను పాడుచేసినవాడి ఎదురుగా కుర్చీలో కూర్చుని, తన బతుకు మొత్తం ఒక రెవెన్యూ అధికారికి చెప్పుకోవాలి.

ఇతర దేశాలూ ఈ ప్రశ్నతో తలపడ్డాయి. జర్మనీలో ఒక తండ్రి సుమారు 40 ఏళ్ల పాటు కొడుకుతో మాటలు మానేశాడు, వీలునామాలో చట్టం తప్పనిసరి చేసిన కనీస వాటా తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆయన వృద్ధాశ్రమం ఖర్చు దాదాపు 9,000 యూరోలు కట్టమని బ్రెమెన్ నగరపాలన ఆ కొడుకును అడిగింది. కట్టాల్సిందేనని 2014లో ఆ దేశ అత్యున్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. కొడుక్కి 18 ఏళ్లు వచ్చేదాకా తండ్రి పెంచాడు కదా అన్నది కోర్టు చూపిన ప్రధాన కారణం. ఆ తీర్పు కఠినంగా కనిపించినా అందులో ఒక తూకం ఉంది. మాట్లాడకపోవడం వేరు, పెంచకపోవడం వేరు. సింగపూర్ ఇంకాస్త ముందుకెళ్లింది. తల్లిదండ్రుల పోషణ చట్టాన్ని మనకన్నా 12 ఏళ్ల ముందు, 1995లో తెచ్చిన దేశం అది. పిల్లలను హింసించిన, గాలికొదిలేసిన తల్లిదండ్రులు అడిగితే తిరస్కరించే అధికారం ట్రిబ్యునల్‌కు మొదటి నుంచీ ఇచ్చింది. 2023లో సవరణ చేసి, అలాంటి చరిత్ర ఉన్నవాళ్లు అసలు దరఖాస్తు పెట్టడానికే ముందుగా ట్రిబ్యునల్ అనుమతి తీసుకోవాలంది. బిడ్డను కూర్చోబెట్టి గాయం మళ్లీ చెప్పించే ముందు, అడిగేవాడి అర్హతనే చూడమంది.

మన చట్టానికీ ఇదే కావాలి. దీనికి ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. దత్తత, వారసత్వం, ఉమ్మడి కుటుంబం రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోని అంశాలు, రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రాలు సవరణలు చేసుకోవచ్చు. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కునిస్తూ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చేలా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవరణ చేసింది ఆ దారిలోనే. పార్లమెంటు అదే పని చేయడానికి మరో 20 ఏళ్లు పట్టింది. ఇప్పుడు అమరావతి, హైదరాబాద్ శాసనసభలు 2007 చట్టానికి రెండు క్లాజులు చేర్చాలి. బిడ్డను హింసించినట్టు పోక్సో కేసులో గానీ గృహహింస కేసులో గానీ తేలిన తల్లి లేదా తండ్రి దరఖాస్తును, ట్రిబ్యునల్ ముందుగా అనుమతిస్తే తప్ప స్వీకరించకూడదన్నది ఒకటి. కేసు దాకా వెళ్లలేకపోయిన బిడ్డలు, నోటీసు వచ్చాక తమ మాటను అవతలి వ్యక్తి ఎదుట కాకుండా ట్రిబ్యునల్‌కు రాతపూర్వకంగా, గోప్యంగా ఇచ్చుకోవచ్చన్నది రెండోది.